పశువైద్యుడి జవాబులు: ముసలి గాడిదకు మంచి రేటు ఎందుకు ఇస్తున్నాడు?

ప్రశ్న: డాక్టరుగారూ, మేము గాడిదల మీద ఇసుక, ఇటుక మోసి బతుకుతాం. మా ఆడగాడిదకు ఇరవై ఏళ్ళు దాటాయి, బరువు మోయలేకపోతోంది. ఒక దళారి వచ్చి మంచి రేటు ఇస్తానంటున్నాడు. రాజస్థాన్‌కు పనికి పంపుతాడట. అమ్మేసి పడుచుదాన్ని కొందామనుకుంటున్నా. కొనేటప్పుడు ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: తమ్ముడూ, ఆ మాట నమ్మకు. గాడిదలు రాజస్థాన్, మహారాష్ట్రల నుంచి మన వైపు వస్తాయి. ముసలిదాన్ని లారీ కిరాయి పెట్టుకుని అక్కడికి పనికి తీసుకెళ్ళేవాడు ఎవడుంటాడు? బరువు మోయలేని గాడిదకు మంచి రేటు పలుకుతోందంటే అది మాంసం రేటే. గుంటూరు, ప్రకాశం వైపు ఈ మాంసం తింటే నడుము నొప్పి పోతుందని, పరుగుకు బలమొస్తుందని నమ్మేవాళ్ళున్నారు. అందులో నిజం లేదు. 2011 నాటి ఆహార నిబంధనల ప్రకారం తినదగ్గ జంతువుల జాబితాలో గాడిద లేనే లేదు, దాని మాంసం అమ్మడం చట్టవిరుద్ధం. 2012 పశుగణనలో దేశం మొత్తంమీద సుమారు 3.2 లక్షల గాడిదలు ఉండేవి. 2019 నాటికి 1.2 లక్షలే మిగిలాయి.

నేను సర్వీసులో ఉండగా ఒక సంతలో చూశాను. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం కుదిరింది. అమ్మినాయన అలవాటు ప్రకారం పలుపు విప్పి తన దగ్గరే ఉంచుకున్నాడు. లారీ ఎక్కించబోతే ఆ గాడిద కాళ్ళు నిగడదన్ని, ఆయన వైపు తిరిగి ఓండ్ర పెట్టింది. వారం తర్వాత ఆయన అదే పలుపు చేత్తో పట్టుకుని ఆస్పత్రికొచ్చాడు. "ఎటు తీసుకెళ్ళారో కనుక్కోగలరా సార్?" అన్నాడు. నేనేం చెప్పలేకపోయాను.

ఇక కొనే సంగతి. అమ్మేవాడు చెప్పే వయసు వినకు, పెదవి పైకెత్తి ముందు పళ్ళు చూడు. రెండున్నర, మూడేళ్ళ మధ్య నడిమి పాలపళ్ళ జత ఊడి పెద్ద పళ్ళు వస్తాయి. ఏడాది తేడాతో పక్క జత, ఐదేళ్ళకల్లా చివరి జత. పక్క నుంచి చూస్తే పడుచుదాని పళ్ళు నిటారుగా ఉంటాయి, ముసలిదానివి ముందుకు వాలి ఉంటాయి. ముక్కులోంచి చిక్కటి చీమిడి కారుతున్నా, దవడ కింద గడ్డ తగిలినా చవగ్గా వస్తోందని ఆశపడకు. అది గ్లాండర్స్ అనే అంటురోగం కావచ్చు, మనుషులకూ అంటుతుంది. వెంటనే పశువుల ఆస్పత్రిలో చెప్పు, రక్తం తీసి పరీక్షకు పంపుతారు. గంత, అంటే బరువు కింద వీపు మీద వేసే మెత్త, తీయించి పుండ్లున్నాయేమో చూడు. గట్టి నేల మీద నడిపించి చూడు. గాడిద నొప్పిని బయటపెట్టదు, కాబట్టి కొంచెం కుంటినా లోపల బాధ ఎక్కువే ఉంటుంది.

మోత గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నా. 1965 నాటి నిబంధనల ప్రకారం గాడిద మీద 50 కిలోలు మించి వేయకూడదు. కంచర గాడిదకైతే 200. ఎండ 37 డిగ్రీలు దాటితే పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించకూడదు. ఇటుక బట్టీల దగ్గర ఇది పాటించేవాళ్ళు తక్కువ. నువ్వు పాటించు.

చివరగా, పాతదాన్ని ఉంచుకోమంటాను. గాడిద ఒంటరిగా ఉండలేదు. కొత్త చోటికి వచ్చిన పడుచుది బెంగతో మేత మానేస్తే, ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఒక పూట తినకపోయినా డాక్టరుకు చూపించు. పక్కన మీ ముసలిది ఉంటే దాన్ని చూసి ఇదీ తింటుంది, దాని వెనకే నడిచి రేవు దారీ బట్టీ దారీ నేర్చుకుంటుంది. ముసలిదాని వీపు మీద ఏమీ వేయకుండా ముందు నడిపించు, చాలు.