సంఘంలో కానుకలు పెరగాలన్నా, కూడికలకు జనం రావాలన్నా ఏం చేయాలి?

కానుకలు తగ్గిపోయాయి, ఆదివారం ఆరాధనకు తప్ప మిగతా కూడికలకు ఎవరూ రావడం లేదు, పుల్పిట్ మీద నుంచి ఎన్నిసార్లు చెప్పినా కదలిక లేదు, ఏం చేయాలని అడిగారు. ముందు అడగడం తగ్గించి లెక్క చెప్పడం మొదలుపెట్టండి. విశ్వాసులకు ప్రేమ లేక కాదు, చాలామందికి డబ్బు లేక కూడా కాదు. పోయినసారి ఇచ్చింది ఏమైందో తెలియకపోతే ఎవరికైనా చెయ్యి వెనక్కే పోతుంది.

బైబిల్లో రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం సంఘ పెద్దలందరూ కలిసి కూర్చుని చదవాలి. యెరూషలేములోని దేవుని మందిరం బాగు చేయించండని యూదా రాజు యోవాషు యాజకులకు చెప్పాడు, డబ్బు తీసుకోమన్నాడు. ఆయన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా మరమ్మతు జరగలేదు. ఆయన ఏం చేశాడో చూడండి. ఇంకా ఇవ్వండని ప్రజల మీద పడలేదు. యాజకులను పిలిచి, ఇకమీదట ఆ డబ్బు మీరు తీసుకోవద్దన్నాడు. యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, లోపలికి వచ్చేవాళ్లకు కుడిపక్కన, బలిపీఠం దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాడు. పెట్టె నిండాక రాజు తరఫున ఒకరు, మందిరం తరఫున ప్రధాన యాజకుడు, ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. తూచిన డబ్బు పని చేయించేవాళ్లకు అందింది, వాళ్లు వడ్రంగులకు, రాతిపనివాళ్లకు ఇచ్చారు, మ్రానులూ చెక్కిన రాళ్లూ కొన్నారు. పని జరుగుతున్నంతసేపు ఆ డబ్బుతో వెండి గిన్నె కూడా చేయించలేదు. యాజకులకు చెందాల్సిన డబ్బు వేరుగా ఉంది, దీనితో కలవలేదు. రెండవ దినవృత్తాంతాల గ్రంథంలో ఇదే సంగతి చెబుతూ, జనం సంతోషంగా తెచ్చి పెట్టె నిండేదాకా వేశారని ఉంది. జనం మారలేదు, మారింది డబ్బు నడిచే దారి.

ఇదే అధ్యాయంలో, పని చేయించినవాళ్లు నమ్మకస్థులు కాబట్టి వాళ్లను లెక్క అడగలేదనే మాట ఉంది. ఆడిట్ వద్దనేవాళ్లు ఈ ఒక్క మాటే పట్టుకుంటారు. అది చాలా బాధగా ఉంటుంది. అంతకుముందే రెండు వేర్వేరు పక్షాలవాళ్లు కలిసి లెక్కపెట్టి, తూచి ఇచ్చారన్నది వదిలేస్తారు.

మీ సంఘంలో దాన్ని ఇలా పెట్టుకోండి. ఆరాధన ముగిసిన వెంటనే, చర్చిలోనే, బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టాలి. ఒకరు లెక్కపెట్టాక రెండోవారు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. ఏ నోట్లు ఎన్ని, చిల్లర ఎంత, కవర్లు ఎన్ని అని చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి. కవరు మీద రాసిన మొత్తానికీ లోపల ఉన్నదానికీ తేడా వస్తే ఆ తేడా కూడా చీటీ మీదే రాయాలి. సర్దుబాటు చేయకూడదు. డబ్బు మరుసటి పనిదినాన బ్యాంకుకు వెళ్లాలి. పుస్తకం రాసే కోశాధికారి లెక్కపెట్టేవాళ్లలో ఉండకూడదు. నెలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటునూ ఆ చీటీలనూ మూడో మనిషి సరిచూడాలి. సంచి ఒక్కరి ఇంటికి వెళ్తే, ఆయన ఎంత నీతిమంతుడైనా, రేపు ఎవరైనా మాటంటే రుజువు చూపించుకోలేడు. అపొస్తలుడైన పౌలు యెరూషలేము విశ్వాసుల కోసం పోగైన కానుకను ఒక్కడే పట్టుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచినవాళ్లను వెంటపెట్టుకున్నాడు. తన మీద ఎవరూ తప్పు మోపకూడదని రెండో కొరింథీ 8లో ఆయనే రాశాడు.

భవన నిధి, బీదల సహాయం, సాధారణ ఖర్చు, మూడింటికీ వేరువేరు ఖాతాలు గానీ కనీసం వేరువేరు పేజీలు గానీ ఉండాలి. కరెంటు బిల్లుకు తక్కువైందని భవన నిధిలోంచి “తర్వాత వేద్దాం” అని తీస్తారు చూడండి, సంఘాల్లో నమ్మకం పోయేది ఎక్కువగా అక్కడే. మూడు నెలలకోసారి అరపేజీ లెక్క చదవండి: ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది, వచ్చే మూడు నెలల్లో ఏం కావాలి. పెద్ద అక్షరాలతో గోడకు కూడా అంటించండి. ఎవరు ఎంత ఇచ్చారో మాత్రం చదవకండి. పేర్లూ మొత్తాలూ మైకులో వినిపించిన రోజు, తక్కువ ఇచ్చేవాళ్లు తలదించుకుని వెళ్లిపోతారు. రెండు కాసులే వేసినా అందరికంటే ఎక్కువ ఇచ్చిందని యేసు చెప్పిన విధవరాలి సంఘటన బోధించే చోట ఇలా జరగకూడదు. దశమభాగం ఇవ్వకపోవడం దేవుని దగ్గర దొంగిలించడమే అనే మలాకీ 3వ అధ్యాయాన్ని ప్రతి ఆదివారం బెదిరింపులా చదవడం కూడా మానేయాలి. భయపడి ఇచ్చినవాళ్లు ఒకసారి ఇస్తారు, తర్వాత ముఖం చాటేస్తారు. వారానికో నెలకో ఇంత అని ముందే తీసిపెట్టుకునే అలవాటు నేర్పండి. మొదటి కొరింథీ 16లో పౌలు వారం వారం అలాగే తీసిపెట్టమన్నాడు.

ఇక కూడికల సంగతి. ప్రతి కూడిక చివర కానుకల సంచి తిరిగితే, ఇంట్లోంచి బయల్దేరేముందే జేబు చూసుకుంటారు. వారం మధ్య కూడికల్లో సంచి పూర్తిగా ఆపేయండి. “అందరూ తప్పక రండి” అనే ప్రకటన ఎవరినీ పిలవదు. వాట్సాప్ గ్రూపులో శుభోదయం బొమ్మల కింద అదీ కూరుకుపోతుంది. కూడికకు ఆరు వారాల ముందు దాని తేదీ, బాధ్యుడు ఖాయం కావాలి. నాలుగు వారాల ముందు పనిని గంట గంట ముక్కలు చేయండి: కుర్చీలు వేసేవాళ్లు ఇద్దరు, ద్వారం దగ్గర ఇద్దరు, పిల్లల్ని చూసుకునేవాళ్లు ముగ్గురు, పెద్దవయసువాళ్లను తీసుకొచ్చేందుకు బండి ఉన్నవాళ్లు. రెండు వారాల ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పేరు పెట్టి, ఒక్క పనే అడగండి. “ఆరింటి నుంచి ఏడింటి దాకా ద్వారం దగ్గర మీరు నిలబడగలరా అమ్మా?” అంటే ఒప్పుకుంటారు. “సహాయం చేయండి” అంటే తప్పుకుంటారు, ఎంత పని నెత్తిన పడుతుందో తెలియదు కాబట్టి. మూడు రోజుల ముందు గుర్తుచేయండి. ముగిసే సమయం చెప్పి, ఆ సమయానికే ముగించండి. ఎనిమిదింటికని చెప్పి తొమ్మిదిన్నరకు వదిలితే, పసిపిల్లలున్న తల్లి మళ్లీ రాదు. కొత్తవాళ్లతో రెండు రోజుల్లోపు ఎవరో ఒకరు మాట్లాడాలి.

పని చేసినవాళ్లే తర్వాత చెయ్యి విప్పుతారు. నిర్గమకాండంలో ప్రత్యక్షగుడారానికి, అంటే ఇశ్రాయేలీయులు దేవుని ఆరాధనకు కట్టిన గుడారానికి, బంగారం తెచ్చినవాళ్లతో పాటు మేకవెండ్రుకలు వడికిన స్త్రీలూ ఉన్నారు. చివరికి తెచ్చింది చాలు, ఇక తేవద్దని మోషే పాళెమంతా చాటించాల్సి వచ్చింది. మీరూ ఏదైనా అవసరానికి పెట్టె పెడితే ఎంత కావాలో దాని మీదే రాయండి. అంతా చేరిన ఆదివారం సంఘమంతా చూస్తుండగా ఆ పెట్టె తీసేయండి.