చీటీ మీద ఒక ధర, చేతిలోంచి పోయేది మరొకటి

జర్మనీలో పుట్టి పెరిగి, పన్నెండేళ్ల క్రితం అమెరికాకు వలస వెళ్లి పెన్సిల్వేనియాలో స్థిరపడిన తెలుగు రచయిత్రి, అక్కడి రోజువారీ జీవితం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలిస్తున్నారు.

ప్రశ్న: అమెరికా దుకాణాలలో వస్తువు మీద ఒక ధర వేసి, కౌంటరు దగ్గర అంతకన్నా ఎక్కువ తీసుకుంటారట. పన్ను కలిపే ధర వేయవచ్చు కదా?

జవాబు: వచ్చిన మొదటి వారంలో, ఇరవై డాలర్ల దీపం కొనడానికి సరిగ్గా ఇరవై డాలర్లు చేతిలో పట్టుకుని వరుసలో నిలబడిన నాకూ ఇదే సందేహం కలిగింది. జర్మనీలో కొనుగోలుదారుకు చూపే ధరలో పన్ను కలిసే ఉండాలని చట్టం చెబుతుంది. మామూలు వస్తువుల మీద 19 శాతం, చాలా ఆహార పదార్థాల మీదా పుస్తకాల మీదా 7 శాతం ఉండే ఆ పన్నును రసీదు అడుగున వెతికితే తప్ప ఎవరూ గమనించరు.

అమెరికాలో దేశమంతటికీ ఒకే అమ్మకపు పన్ను లేదు. రాష్ట్రం ఒకటి వేస్తుంది, దాని మీద కౌంటీయో (మన జిల్లా లాంటిది) నగరమో మరికొంత కలుపుతుంది. మా పెన్సిల్వేనియాలోనే చూడండి: రాష్ట్రంలో ఎక్కువ భాగం 6 శాతం, పిట్స్‌బర్గ్‌లో 7, ఫిలడెల్ఫియాలో 8. పైగా ఇక్కడ మామూలు బట్టల మీదా, ఇంటికి కొనుక్కునే వంటసరుకులలో చాలావాటి మీదా పన్ను లేదు కనుక, ఒకే సంచిలో పడిన చొక్కాకు ఒక లెక్క, దీపానికి మరొక లెక్క. పొరుగునే ఉన్న డెలావేర్‌లో అసలు అమ్మకపు పన్నే లేదు. పెద్ద టీవీ కొనవలసి వచ్చినప్పుడు మా ఊరివాళ్లు ఎటు బండి తిప్పుతారో వేరే చెప్పనక్కరలేదు. (అలా కొన్నదాన్ని ఇంటికి తెచ్చాక దాని మీద సొంత రాష్ట్రానికి పన్ను కట్టాలని చట్టంలో ఉంది. ఆ మాట ఎత్తిన పొరుగువారిని నేను ఇంతవరకు చూడలేదు.) దేశమంతటా శాఖలున్న దుకాణాలకు ఊరికొక చీటీ అచ్చువేయడం కన్నా పన్ను లేని ధర వేయడమే సులువు. ధర తక్కువగా కనిపించడం వారికి అదనపు లాభమన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: హోటలులో టిప్పు ఇవ్వకపోతే అమెరికన్లు దాదాపు నేరంలా చూస్తారని విన్నాను. ఎంత ఇవ్వాలి? ఇష్టం లేకపోతే మానేయకూడదా?

జవాబు: మానేస్తే పోలీసులు రారు. కానీ బల్ల దగ్గరకు వచ్చి వడ్డించే హోటలులో టిప్పు ఇవ్వకుండా లేవడమంటే, ఇక్కడివారి లెక్కలో, పని చేయించుకుని కూలి ఎగ్గొట్టడమే. అది ఎందుకో తెలియాలంటే జీతాల చట్టం చూడాలి.

సమాఖ్య చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి అది మారలేదు. అయితే టిప్పుల మీద ఆధారపడే ఉద్యోగికి యజమాని తన జేబులోంచి గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు; ఈ అంకె 1991 నుంచి కదలలేదు. టిప్పులు కలిసి 7.25కు చేరకపోతే ఆ లోటును యజమాని పూడ్చాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్ వంటి ఏడు రాష్ట్రాలు మాత్రం ఈ వెసులుబాటును యజమానులకు ఇవ్వక, టిప్పుతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇమ్మంటాయి. విచిత్రమేమంటే అక్కడ కూడా టిప్పు తగ్గలేదు. ఆచారం చట్టం వెనకే నడవాలని ఎక్కడా లేదు కదా.

ఈ అలవాటును ఐరోపా వాళ్లం చూసి నవ్వుతుంటాం గానీ, మా నవ్వుకు అర్హత తక్కువ. అమెరికా అంతర్యుద్ధం తరువాత ఐరోపా యాత్రలకు వెళ్లివచ్చిన సంపన్న అమెరికన్లే దీన్ని మా దగ్గర నేర్చుకుని తీసుకువెళ్లారు. స్వతంత్ర పౌరుడు చేయి చాచడం అవమానమని అప్పట్లో ఇక్కడ గట్టి వ్యతిరేకత కూడా ఉండేది. వాషింగ్టన్ రాష్ట్రం 1909లో టిప్పును ఏకంగా నిషేధించింది, మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి. ఆ తరువాత ఐరోపాలో అది చిల్లర వదిలేసే అలవాటుగా కుంచించుకుపోగా, అమెరికాలో జీతంలో భాగమై కూర్చుంది.

ఇక లెక్క. ఫిలడెల్ఫియాలో ఇద్దరు కలిసి 40 డాలర్ల భోజనం చేశారనుకుందాం. పన్ను 3.20, ఇరవై శాతం టిప్పు 8, మొత్తం 51.20. పద్దెనిమిది నుంచి ఇరవై శాతం మర్యాదగా చెల్లుతుంది. పన్నుకు ముందున్న మొత్తం మీద లెక్కిస్తే సరిపోతుంది. జర్మనీలో అయితే 40 యూరోల బిల్లుకు 43 ఇచ్చి, చిల్లర అక్కరలేదని ‘ష్టిమ్ట్ జో’ అంటే వెయిటర్ సంతోషంగా వెళ్తాడు. ఇక్కడ ఆ పని చేస్తే, నాకు మొదటిసారి జరిగినట్టే, వడ్డించిన అమ్మాయి దగ్గరకు వచ్చి తన సేవలో ఏమి లోపం జరిగిందో దిగులుగా అడగవచ్చు. పెద్ద బృందంగా వెళ్తే టిప్పును బిల్లులోనే ముందుగా కలిపేస్తుంటారు. చూసుకోకుండా మళ్లీ రాసి రెండుసార్లు ఇచ్చినవారు మా ఇంట్లోనే ఉన్నారు. కాఫీ కౌంటరులో మీరే నిలబడి తెచ్చుకునేటప్పుడు, తెర మీ వైపు తిప్పి 18, 20, 25 అని చూపిస్తే సిగ్గుపడనవసరం లేదు. సున్నా మీట కూడా అక్కడే, కాస్త చిన్నగా ఉంటుంది.

ప్రశ్న: ‘ఎలా ఉన్నారు’ అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోతారట. ఈ ఆప్యాయత నిజమైనదేనా?

జవాబు: అది పలకరింపే తప్ప ప్రశ్న కాదు. ‘బాగున్నాను, మీరో’ అంటే అయిపోతుంది. జర్మనీలో ఆ మాట అడిగినవారు జవాబు కోసం నిలబడతారు, అందుకే అందరినీ అడగరు. నన్ను అంతకన్నా ఇబ్బంది పెట్టినది మరొకటి ఉంది. పక్కింటావిడ మొదటి రోజునే ‘ఎప్పుడైనా తప్పకుండా కలుద్దాం’ అన్నారు. నేను రెండు వారాంతాలు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా కూర్చున్నాను. తేదీ లేని ఆహ్వానం ఆహ్వానం కాదని, అది నమస్కారానికి కొంచెం పొడవైన రూపమని అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది. ఆప్యాయత అబద్ధమా అంటే, ఆ శీతకాలంలో మంచు మోకాలి ఎత్తున పడిన ఉదయం, నేను లేచేసరికే మా ఇంటి ముందు దారి శుభ్రంగా పారతో తీసి ఉంది. ఎవరు తీశారని ఆరా తీస్తే ఆవిడే. భోజనానికి మాత్రం ఇంతవరకు పిలవలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి అక్కడ కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది. అయినా ఒక పరీక్ష చేయించుకుంటే నెల తరువాత వరుసగా బిల్లులు వచ్చాయట. ఏది కట్టాలి?

జవాబు: ముందుగా, ‘ఇది బిల్లు కాదు’ అని పైన అచ్చువేసి వచ్చే కాగితాన్ని పక్కన పెట్టమనండి. అది ఇన్సూరెన్స్ కంపెనీ పంపే లెక్కల వివరణ. నేను మొదటి ఏడాది దాన్నే బిల్లనుకుని చెక్కు పంపాను; అసలు బిల్లు అంతకన్నా తక్కువకు వచ్చింది, మిగిలిన సొమ్ము తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. ఆసుపత్రి, డాక్టరు, ల్యాబు వేర్వేరుగా బిల్లులు పంపడం మామూలే కనుక, ఒక్కొక్కదాన్నీ ఆ వివరణ కాగితంతో సరిచూసుకుని, అంకెలు కలిసినప్పుడే కట్టాలి. ఏడాదిలో డిడక్టిబుల్ అనే పరిమితి దాటేవరకు చాలా ఖర్చు మనదే. ఆ తరువాత కూడా కొంత వాటా మనకు ఉంటుంది.

ఉద్యోగానికీ వైద్యానికీ ఈ ముడి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బిగిసింది. 1942లో ప్రభుత్వం జీతాల పెంపును కట్టడి చేసినప్పుడు, ఇన్సూరెన్స్ వంటి సౌకర్యాలు ఆ కట్టడిలోకి రాకపోవడంతో, పనివారిని ఆకర్షించడానికి కంపెనీలు వాటిని ఇవ్వసాగాయి. జర్మనీలో 1883లోనే చట్టం ద్వారా వైద్య బీమా వచ్చింది. అక్కడ పెరిగిన నాకు డాక్టరు బిల్లు ఎలా ఉంటుందో కూడా తెలియదు. అత్యవసర చికిత్సలో నెట్‌వర్క్ బయటి (అంటే మన ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేని) ఆసుపత్రి అనుకోని బిల్లు వేయకుండా 2022 జనవరి నుంచి సమాఖ్య చట్టం రక్షణ ఇస్తోంది, అయితే రోడ్డు మీద వచ్చే అంబులెన్సు దానిలోకి రాదు. మొత్తం భరించలేనిదిగా ఉంటే, ఏ పనికి ఎంతో విడదీసి చూపే బిల్లు అడగాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సహాయ విధానం ఉంచుకోవాలని చట్టమే చెబుతుంది కనుక, దాని గురించి అడగడానికి మొహమాటపడకూడదు.

ప్రశ్న: ఫారెన్‌హీట్ లెక్క తేలికగా గుర్తుంచుకునే ఉపాయం ఉందా?

జవాబు: ముప్పై తీసేసి సగం చేయండి, దాదాపు సెల్సియస్ వస్తుంది. 70 అంటే 20, అసలు విలువ 21. చొక్కా మీద స్వెటరు కావాలో వద్దో తేల్చుకోవడానికి ఇది చాలు. ఆ ఫారెన్‌హీట్ గారు 1686లో డాన్‌జిగ్‌లో పుట్టిన ఐరోపా మనిషే. మేము ఆయన్ని వదిలేస్తే అమెరికన్లు దాచుకున్నారు. జ్వరం చూసేటప్పుడు మాత్రం ఈ అడ్డదారి పట్టకండి. థర్మామీటరు 102 చూపితే ఈ లెక్కలో 36 వస్తుంది, పిల్లవాడికి నిజంగా ఉన్నది దాదాపు 39.