వీల్‌చైర్‌లో ఉన్న మా ఆయనకి భుజాల నొప్పి, ఎర్ర మచ్చ

ప్రశ్న: మా ఆయన గీత పని చేసేవారు. ఏడాదిన్నర కింద తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస విరిగింది, రిపోర్టులో డీ12 (వీపు భాగంలో పన్నెండో పూస) అని రాశారు. నడుము కింద స్పర్శ లేదు. రోజూ కాళ్లకి నూనె మర్దన చేయిస్తున్నాం. ఇప్పుడు భుజాలు నొప్పి అంటున్నారు, కూర్చునే చోట ఎర్ర మచ్చ కూడా కనిపించింది. ట్యూబులాంటి గాలి దిండు కొనమని పక్కింటివాళ్లు అంటున్నారు. కొనమంటారా? - ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: కొనొద్దమ్మా. మధ్యలో గుండ్రంగా ఖాళీ ఉండే ఆ దిండు అంచులు చుట్టూ నొక్కేసి మచ్చకి అందే కాస్త రక్తాన్ని కూడా ఆపేస్తాయి. ముందు మచ్చ మీద వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పర్వాలేదు, నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే, డాక్టర్‌కి చూపించండి. రెండింట్లో ఏదైనా సరే, అది తగ్గేదాకా ఆ చోట బరువు పడకూడదు, పక్కకో బోర్లానో పడుకోబెట్టండి, రాత్రి రెండు గంటలకోసారి తిప్పండి. మచ్చని రుద్దొద్దు.

తగ్గి మళ్లీ కూర్చున్నాక అరగంటకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకుని, ఛాతీ తొడల మీదకి వచ్చేలా ముందుకి వంగి రెండు నిమిషాలు ఉండాలి. చాలామంది చేతుల మీద పైకి లేచి నాలుగు సెకన్లలో కూర్చుండిపోతారు, దానికి చర్మంలోకి రక్తం తిరిగి రాదు సరికదా భుజాలు అరుగుతాయి.

భుజాల నొప్పికి అసలు కారణం అక్కడే ఉంది. మోకు పట్టి చెట్టెక్కిన చేతులు గట్టివే కానీ భుజం కీలు మనిషి బరువంతా రోజూ మోయడానికి పుట్టింది కాదు. చక్రాన్ని టకటకా కొట్టకుండా పొడవుగా ఒక తోపు తోసి, చేతిని కిందికి వదిలి మళ్లీ పట్టుకోమనండి. రబ్బరు బ్యాండ్ కిటికీకి కట్టి వెనక్కి లాగే వ్యాయామం మంచిది, నొప్పి పెరిగితే ఆపాలి. మీకు నులక మంచం ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి, అది కుంగిపోతుంది, అందులోంచి కుర్చీలోకి మారాలంటే ప్రతిసారీ కొండ ఎక్కినట్టే. కుర్చీ సీటంత ఎత్తులో గట్టి మంచం వేసి, మధ్యలో నున్నగా చిత్రిక పట్టిన చెక్క పెడితే దాని మీదుగా జరగొచ్చు.

మర్దన వల్ల దెబ్బతిన్న నరం బాగవదు, దాని ఖర్చు కుర్చీ సీటు మీద వేసే, మధ్యలో ఖాళీ లేని మెత్త కొనడానికి పెట్టండి. కానీ మోకాలు, చీలమండ కీళ్లని రోజూ మెల్లగా వంచి చాచాలి, లేకపోతే బిగుసుకుపోతాయి. స్నానం నీళ్లు మాత్రం మీ మోచేతితో చూశాకే పోయండి, ఆయనకి కాలినా తెలీదు.

వీలైతే కొన్నాళ్లు వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) పునరావాస కేంద్రం లాంటి చోట ఉండి ఇవన్నీ నేర్చుకోండి. 1954 ప్రమాదంలో తన కాళ్లు పడిపోయినా వీల్‌చైర్‌లోనే ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1966లో మొదలుపెట్టింది అది. ఈలోగా మీ మంచం ఎత్తు, కుర్చీ సీటు ఎత్తు టేపుతో కొలిచి రాసి పంపండి, చెక్క ఎంత పొడవు కావాలో చెప్తాను.