మూత్రం, గబ్బిలాల రక్తం దాహం తీరుస్తాయా?

ప్రశ్న: ఎడారిలో తప్పిపోయిన ఒకాయన మూత్రం, గబ్బిలాల రక్తం తాగి తొమ్మిది రోజులు బతికాడని వీడియోలో చూశాం. నమ్మొచ్చా? మా తమ్ముడు తునికాకు కోతకు వెళ్తున్నాడు, నీళ్లు అయిపోతే అలాగే చేస్తానంటున్నాడు.
– ఓ పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: మీరు చూసింది ఇటలీకి చెందిన మౌరో ప్రాస్పెరి గురించి అయ్యుండాలి. 1994లో మొరాకో ఎడారి మారథాన్‌లో ఇసుక తుపానుకు దారి తప్పి అల్జీరియాలో తేలాడు. బతికి బయటపడ్డ మాట నిజం. రక్తం, మూత్రమే బతికించాయంటే మాత్రం నేను ఒప్పుకోను.

లెక్క వేయండి. 20 గ్రాముల గబ్బిలంలో రక్తం ఒకటిన్నర మిల్లీలీటర్లు. ఇరవై గబ్బిలాలు పట్టినా 30 మి.లీ., గుటకెడు. పైగా రక్తంలోని ప్రొటీన్ ఒంట్లో యూరియా అనే వ్యర్థంగా మారుతుంది; దాన్ని బయటికి పంపాలంటే కిడ్నీలకు మళ్లీ నీళ్లే కావాలి. మూత్రమూ అంతే. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ అది చిక్కబడుతుంది, తాగితే బయటికి పోయిన ఉప్పే తిరిగి లోపలికి చేరుతుంది.

16 కిలోలు తగ్గానని ఆయన చెప్పాడు. అదంతా నీరే అయితే ప్రాణం నిలవదు, కొవ్వు, కండ కూడా కరిగి ఉండాలి. ఎండవేళ నీడన ఉండి చల్లపూట నడవడం, మంచు తడి నాకడం, రసమున్న మొక్కలు నమలడం, చివర్లో దొరికిన నీటి గుంట... ఇవీ ఆయన చెప్పినవే. నా దృష్టిలో కాపాడినవి ఇవే.

ఇక మీ తమ్ముడి సంగతి. ఎండలో పని చేస్తే గంటకు లీటరు దాకా చెమట పోతుంది. తెల్లవారుజామునే వెళ్లి పొద్దున పదిలోపు కల్లం దగ్గరికి వచ్చేయమనండి. ఐదు లీటర్ల నీళ్లు వెంట ఉండాలి, దాహం లేకపోయినా 20 నిమిషాలకో గ్లాసు తాగాలి. సగం అయిపోగానే వెనక్కి తిరగాలి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కుమ్మరిస్తే ఉప్పు ఎక్కువై దాహం, వాంతులు పెరుగుతాయి. ఉప్పేసిన పలుచటి అంబలి, మజ్జిగ కూడా మంచివే. ఒంటరిగా వెళ్లొద్దు.

మాట తడబడినా, తూలినా వడదెబ్బే అనుకోండి, చెమట పడుతున్నా సరే. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి గట్టిగా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టి, మార్చుతూ ఉండండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. 108కి ఫోన్ చేయండి, అది వచ్చేదాకా తడపడం ఆపొద్దు. జ్వరం మాత్ర వేయకండి, వడదెబ్బ వేడికి అది పనిచేయదు.