స్టిల్ట్ పార్కింగ్ మీద 5 అంతస్తులు: రింగుల సంగతి

అన్నా, 2024 డిసెంబర్ 4న ములుగులో వచ్చిన 5.3 భూకంపానికి హన్మకొండ దాకా ఊగింది కదా, కింద పార్కింగ్‌కు పిల్లర్లే వదిలి, పైన 5 అంతస్తులు వేస్తున్న మీ టెన్షన్‌లో అర్థముంది. పిల్లర్ల నిలువు రాడ్ల చుట్టూ కట్టే రింగులు 8 అంగుళాలకొకటి చాలని మేస్త్రీ అన్నాడన్నారు, అది ఒప్పుకోవద్దు.

అసలు ఇబ్బంది పార్కింగ్ అంతస్తే. పైన ఇటుక గోడలుండి బిగుతుగా ఉంటుంది, కింద ఉత్త పిల్లర్లు. ఊపంతా వాటి మీదే పడుతుంది. 2001 భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్లకు పైగా దూరమున్న అహ్మదాబాద్‌లో ఇలాంటివే చాలా కూలాయి. లిఫ్ట్ ఒక మూలనే ఉందన్నారు, దాని చుట్టూ మాత్రమే కాంక్రీట్ గోడ కడితే బిల్డింగ్ మెలితిరుగుతుంది. అవతలి వైపు కూడా, పొడవునా అడ్డంగా రెండు దిక్కులా షియర్ వాల్స్ (పక్క ఊపును తట్టుకునే కాంక్రీట్ గోడలు) పెట్టించండి. ఒకట్రెండు కార్ల జాగా పోతుంది, పోనీయండి.

మీ 300 × 450 మి.మీ. పిల్లర్లకు, భూకంపాన్ని తట్టుకునే కాంక్రీట్ కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 ప్రకారం పైనా కిందా కనీసం 450 మి.మీ. మేర రింగుల దూరం 75 మి.మీ. దాటొద్దు. ఎత్తును బట్టి ఆ మేర పెరగొచ్చు. రింగుల కొసల కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. 90 డిగ్రీలవి ఊపుకు విప్పుకుంటాయి. రాడ్ల అతుకు స్లాబ్ మీదనే వేస్తారు మనోళ్లు, అది పిల్లర్ ఎత్తులో మధ్య సగంలోనే ఉండాలి.

కాంక్రీట్ పోయకముందే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించండి.