పైపు సైజు సంగతి తర్వాత, ముందు నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూడండి

గంట వర్షం పడితే మీ వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తున్నాయని, నాలుగైదు ఇళ్లలోకి కూడా వస్తున్నాయని రాశారు. ఉన్న సన్న పైపు తీసేసి పెద్ద పైపు వేయించాలని కాలనీ వాళ్లు అనుకుంటున్నారని, అందుకు ఎవరిని కలవాలి, ఎలా అడగాలి అని మీ ప్రశ్న. మాది హైదరాబాద్ తూర్పు వైపు, ఒక చెరువు దిగువన ఉన్న కాలనీ. కాలనీ సంఘం కార్యదర్శిగా ఈ పని మీద నాలుగేళ్లు తిరిగాను. మొదటిసారి మేం వేయించిన పైపు ఉపయోగపడలేదు. రెండోసారి పని సరిగా జరిగింది. రెండింటికీ తేడా ఎక్కడొచ్చిందో వివరంగా చెబుతాను, మీకు ఒక ఎండాకాలం, కొంత డబ్బు మిగులుతాయి.

2020 అక్టోబర్ 13 రాత్రి సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల దాకా పడింది. మా ఇంట్లోకి నీళ్లు ముందు వాకిట్లోంచి రాలేదు. రాత్రి తొమ్మిది దాటాక బాత్రూంలో నీళ్లు పోయే జాలీ బుడబుడమంది. ఏమిటా అని చూసేలోపే నల్లటి నీళ్లు పైకి తన్నుకొచ్చాయి. మా ఆవిడ బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కించింది, కాసేపటికి మంచం కూడా తడిసింది. తెల్లారాక చూస్తే గోడ మీద స్విచ్ బోర్డుకు జానెడు కిందుగా మట్టి గీత ఉంది. సున్నం వేసినా ఆ గీత రెండేళ్లు మళ్లీ మళ్లీ పైకి తేలింది.

ఆ భయంతో మేమందరం ఒకే మాట పట్టుకున్నాం, పెద్ద పైపు కావాలని. మా వీధిలో ఉన్నది 300 ఎం.ఎం. పైపు, 600 ఎం.ఎం. అడిగాం. తిరగ్గా తిరగ్గా మరుసటి ఎండాకాలానికి శాంక్షన్ అయింది. రెండు వందల మీటర్లు తవ్వి హ్యూమ్ పైపులు (సిమెంటు కాంక్రీటు పైపులు) దించి, పైన సీసీ రోడ్డు వేశారు. కొబ్బరికాయ కొట్టి మిఠాయి పంచుకున్నాం. జూలైలో మొదటి గట్టి వానకు ఇరవై నిమిషాల్లో మళ్లీ అవే నీళ్లు. అంతకన్నా బాధ కలిగించింది ఏమిటంటే, మా కింది వీధిలో అంతకుముందు ఎప్పుడూ మునగని ఆరు ఇళ్లలోకి ఈసారి నీళ్లు వెళ్లాయి. మా పైపు నీళ్లను తొందరగా తీసుకెళ్లి వాళ్ల గుమ్మం ముందు పోసింది. ఆ ఇళ్లలో ఒక పెద్దావిడ మంచంలో ఉండేది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకెళ్లాల్సి వచ్చింది. ఆ రోజు తర్వాతే అసలు విషయం వెతకడం మొదలుపెట్టాం.

దారి చూపింది మా కాలనీలో పాలు పోసే పెద్దాయన. కాలనీ పడకముందు అదంతా వాళ్ల పొలాలే. "సారూ, గీడ ఒర్రె ఉండె. చెరువు అలుగు పారితే నీళ్లు గా మూలకెల్లి పోతుండె. మీరు ఒర్రె మీదనే రోడ్డు ఏసుకున్నరు. ముందుగల నీళ్లు ఏడికి పోవాల్నో సూడుండ్రి, పైపు సంగతి తర్వాత" అన్నాడు. ఒర్రె అంటే వాన నీళ్లు పారే చిన్న వాగు. మేం నాలుగేళ్లలో విన్న సలహాల్లో ఇంతకన్నా విలువైనది లేదు.

కాబట్టి మీరు మొట్టమొదట చేయాల్సిన పని ఆఫీసులో లేదు. వర్షం పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసి నడవండి. మీ వీధి నుంచి నీళ్ల వెంటే కిందికి వెళ్లండి, అవి ఏ కాలువలో కలుస్తున్నాయో, ఆ కాలువ ఏ నాలాలో కలుస్తోందో కళ్లతో చూసేదాకా ఆగకండి. నీళ్ల అడుగు కనిపించని చోట మాత్రం కాలు పెట్టవద్దు, మిగతా చోట్ల కూడా కర్రతో తడిమాకే అడుగు వేయండి. 2021 సెప్టెంబర్‌లో మణికొండలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో ఒక చిన్న పాప ఇలాగే డ్రెయిన్లలో పడి చనిపోయారు. అదే కారణంతో ఇంకో మాట. నీళ్లు త్వరగా పోతాయని వానలో మ్యాన్‌హోల్ మూత తీసే అలవాటు చాలా కాలనీల్లో ఉంది. దయచేసి మీ దగ్గర ఎవరినీ తీయనివ్వకండి.

మేం అలా నడిస్తే మూడు వీధుల అవతల, మెయిన్ రోడ్డు కింద ఉన్న కల్వర్టు దగ్గరికి చేరాం. వాన తగ్గాక వంగి టార్చి వేసి చూశాం. లోపల రెండు పైపులు, ఒక్కొక్కటి 450 ఎం.ఎం. ఒకటి పైదాకా పూడిపోయి, మట్టిలో గడ్డి కూడా మొలిచింది. రెండోదాని నోటికి అడ్డంగా ఒక మంచినీళ్ల పైపు వెళుతోంది. దానికి సిమెంటు సంచులు, చీర ముక్క, దేవుడి దండలు, కొబ్బరి పీచు చుట్టుకుని గూడులా తయారైంది. ఆ గూడులోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. మూడు కాలనీల వాన నీళ్లకు అదొక్కటే దారి. పైగా మేం వేయించిన 600 పైపు అడుగు ఈ కల్వర్టు అడుగు కంటే జానెడు కిందికి ఉంది. అంటే మా పైపులో ఎప్పుడూ జానెడు నీళ్లు నిలిచే ఉంటాయి, ఆ నిల్వ నీళ్లలో ఒండ్రు పేరుకుంటుంది. ఏడాదిలోనే మూడో వంతు పూడింది.

లెక్క కూడా చూడండి, ఇది ఎవరైనా వేసుకోవచ్చు. చదరపు మీటరు నేల మీద మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా కాలనీ దాదాపు 20 ఎకరాలు, అంటే 81 వేల చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే 40 లక్షల లీటర్లు. ఇళ్లు, సీసీ రోడ్లే కాబట్టి అందులో 80 శాతం రోడ్డు మీదికే వస్తుందనుకుందాం. 32 లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 640 ఒక్క గంటలో వచ్చి వీధిలో కుమ్మరించినట్టు. సెకనుకు దాదాపు 900 లీటర్లు. 200 మీటర్లకు మీటరు వాలు ఉంటే 600 ఎం.ఎం. పైపు నిండుగా పారినప్పుడు సెకనుకు 430 లీటర్లు మోస్తుంది. అదే వాలులో 450 ఎం.ఎం. పైపు 200 లీటర్లు మోస్తుంది. మా నీళ్లన్నీ ఆ రెండు వందల లీటర్ల సందులోంచే పోవాలి, అదీ సగం మూసుకుపోయి ఉంది. అలాంటప్పుడు మా వీధిలో ఎంత పెద్ద పైపు వేసినా అది పొడుగాటి సంపు అవుతుంది కానీ కాలువ కాదు.

పైపు వెడల్పు గురించి ఒక విషయం తెలిస్తే ఇంజనీర్లతో మాట్లాడటం సులువవుతుంది. వాలు మారకుండా పైపు వ్యాసం రెట్టింపు చేస్తే మోసే నీళ్లు రెట్టింపు కావు, ఆరు రెట్లు దాటుతాయి. అందుకే మీటరు మీటరుకూ పైపు మార్చడం కన్నా, ఇరుకు ఉన్న ఒక్క చోట విప్పితే ఎక్కువ లాభం. వాలు సరిగా లేకపోతే ఈ లెక్కలేవీ పనిచేయవు. అందుకని మీ దరఖాస్తులో పైపు సైజు రాయకండి. "మా కాలనీ నుంచి ఫలానా నాలాలో కలిసే చోటు వరకు లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) తీయించి, కింది నుంచి పైకి డిజైన్ చేయించండి" అని రాయండి. మేం మొదటిసారి సైజు రాసి ఇచ్చాం, వాళ్లు ఆ సైజే వేశారు. అడిగిందే ఇచ్చారు కాబట్టి తర్వాత గట్టిగా నిలదీయలేకపోయాం.

కేంద్రం 2019లో వాన నీళ్ల కాలువల మీద ఒక మాన్యువల్ ఇచ్చింది. దాన్ని తయారుచేసిన కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ పేరుతో సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ అంటారు. మహానగరాల్లో ముఖ్య ప్రాంతాలకు ఐదేళ్లకోసారి వచ్చే స్థాయి వానకు కాలువ సరిపోవాలని అందులో ఉంది. మీ ఎస్టిమేట్ ఏ వానకు వేశారు అని ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని) మర్యాదగా అడగండి. మాకు రెండోసారి వచ్చిన ఏఈ అమ్మాయి ఈ ప్రశ్నకు సంతోషించింది. "ఇది అడిగిన కాలనీ మీదేనండీ, అందరూ మా గేటు ముందు ఎప్పుడు వేస్తారనే అడుగుతారు" అంది. ఆమే లెవెల్ మెషిన్ తెప్పించి రెండు రోజులు ఎండలో నిలబడింది.

ఆఫీసు పని గురించి క్లుప్తంగా చెబుతాను, అందరికీ దాదాపు ఒకటే దారి. హైదరాబాద్‌లో మురుగు లైను వాటర్ బోర్డుది, వాన నీళ్ల కాలువ కార్పొరేషన్‌ది. ఏది దేనిదో తెలియకుండా వెళితే ఇద్దరూ రెండోవారిని చూపిస్తారు. తేదీ, టైము కనిపించే ఫోటోలు, నీళ్లు వెళ్లే దారిని చేత్తో గీసిన మ్యాపు, మునిగే ఇళ్ల సంతకాలు పెట్టి సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. పాత డ్రాయింగులు, ఎస్టిమేట్ కాపీ సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, కింది కాలనీ వాళ్లను, పై కాలనీ వాళ్లను కలుపుకోండి. మేం ఆ ఆరు ఇళ్ల వాళ్ల దగ్గరికి వెళ్లి, మా వల్ల మీకు ఇబ్బంది జరిగింది అని చెప్పాం. తర్వాత మూడు కాలనీలు ఒకే కాగితం మీద సంతకం చేశాయి. ఒక్క వీధి కాగితానికి, మూడు కాలనీల కాగితానికి ఆఫీసులో వచ్చే స్పందనే వేరు.

మీ కాలువ కలిసే పెద్ద నాలాయే ఇరుకైతే అది కాలనీ స్థాయిలో తేలే పని కాదు. 2020 వరదల తర్వాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకం పేరుతో మొదటి దశలో దాదాపు 985 కోట్లతో నగరంలో, చుట్టుపక్కల మున్సిపాలిటీల్లో పనులు చేపట్టారు. మీ నాలా అలాంటి జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే మీ డిమాండు అక్కడ మొదలుకావాలి.

మా రెండో పని ఇలా జరిగింది. ముందు మెయిన్ రోడ్డు కింది కల్వర్టు తీసేసి పెట్టె ఆకారపు కాంక్రీటు కల్వర్టు (బాక్స్) కట్టారు, అడ్డంగా ఉన్న మంచినీళ్ల పైపును పక్కకు మార్చారు. తర్వాత కింది నుంచి పైకి వచ్చారు. కింది రెండు వీధుల్లో 900 ఎం.ఎం. పైపు వేశారు. మా 600 పైపును తవ్వి, వాలు సరిచేసి తిరిగి దించారు. దానికి మేం వేయించుకున్న కొత్త సీసీ రోడ్డు పగలగొట్టాల్సి వచ్చింది. చూడలేక ఆ రోజు నేను బయటికి రాలేదు.

కాలువ వేశాక కూడా నీళ్లు రోడ్డు మీదే నిలిచే అవకాశం ఉంది, ఎందుకంటే అవి కాలువలోకి దిగాలి కదా. మా దగ్గర సగానికి పైగా క్యాచ్‌పిట్లు, అంటే రోడ్డు నీళ్లు కాలువలోకి దిగే జాలీ గుంటలు, ఇళ్ల ర్యాంపుల కింద కప్పబడి ఉన్నాయి. కారు ఎక్కడానికి గేటు ముందు సిమెంటు పోసుకున్నాం, దాని కింద జాలీ ఉందని మరిచిపోయాం. ముందు నా ఇంటి ర్యాంపే కొట్టించాను, తర్వాతే మిగతావాళ్లను అడిగాను. ఇద్దరు ఒప్పుకోవడానికి ఆరు నెలలు పట్టింది. జాలీ వీధిలో బాగా పల్లంగా ఉన్న చోట ఉండాలి, దాని కింద జానెడు లోతు మట్టి దిగే గుంట ఉండాలి. ఆ గుంట లేకపోతే మట్టంతా నేరుగా పైపులోకి పోతుంది.

రోడ్డు ఎత్తు మరో సమస్య. పాత రోడ్డు మీదే మళ్లీ మళ్లీ వేస్తూ పోతే పదిహేనేళ్లలో ఇళ్లు గుంతలో పడతాయి. మా వీధిలో పాత ఇళ్లకు గేటు దగ్గర రెండు మెట్లు దిగాలి, ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కేవాళ్లం. కొత్త రోడ్డు వేసేటప్పుడు పాతది గీకి తీశాకే వేయాలని రాతపూర్వకంగా అడగండి.

బాత్రూం జాలీలోంచి నీళ్లు ఎందుకు వచ్చాయో కూడా అప్పుడే తెలిసింది. మా కాలనీలో చాలా ఇళ్ల డాబా మీది వాన గొట్టాలు మురుగు లైనుకే కలిపి ఉన్నాయి. మురుగు లైను అంత నీటికి వేసింది కాదు, నిండగానే వెనక్కి తంతుంది. ఇల్లిల్లూ తిరిగి అరవై దాకా గొట్టాలు విడదీయించాం. కొందరు ఇంకుడు గుంతలు తవ్వుకున్నారు, భూగర్భ జలానికి అవి మంచివే. అయితే వాటితోనే వీధి మునక తగ్గుతుందని ఎవరైనా అంటే లెక్క చూపించండి. 130 చదరపు మీటర్ల డాబా మీద 5 సెంటీమీటర్ల వానకు 6,500 లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో రాళ్లు నింపాక మిగిలే చోటు మూడు వేల లీటర్ల వరకే.

ఇప్పుడు మా పరిస్థితి. మామూలు గట్టి వానకు నీళ్లు పాదం మునిగేంత వస్తాయి, అరగంటలో పోతాయి. ఆ ఆరు ఇళ్లలోకి మూడు వర్షాకాలాలుగా నీళ్లు రాలేదు. 2020 లాంటి వాన మళ్లీ వస్తే ఈ పైపులు చాలవు, అది కాలనీలో అందరికీ చెప్పే ఉంచాం. ఏటా మే నెలలో పూడిక తీయించే పని మాత్రం మానలేదు. తీసిన మట్టిని గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి పోతుంది. అందుకని ట్రాక్టర్ వచ్చి ఎత్తుకెళ్లేదాకా మాలో ఒకరం అక్కడే ఉంటాం.

మీరు ఈ వర్షాకాలంలోనే ఒకసారి నడిచి, నీళ్లు కలిసే చోటు, ఆ దారిలో కల్వర్టు నోరు, మీ పైపు చివర, ఈ మూడింటి ఫోటోలు ఇక్కడ పెట్టండి. పక్కన స్కేలో, మార్కులు గీసిన కర్రో పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. మేం ఇచ్చిన రెండో దరఖాస్తు కాపీ నా దగ్గర ఉంది. పేర్లు తీసేసి ఇక్కడే పెడతాను, మీ వీధి వివరాలు మార్చుకుని వాడుకోండి.