కరెంటు లేని చోట కమ్మటి కాఫీ

చలి మొదలయ్యేసరికి మాకొచ్చే ప్రశ్నల్లో టెంట్లు, కొండలు, మంచు ఎక్కువైపోతాయి. ఈ విడత వాటిలో కాఫీ గురించి అడిగినవి చాలా ఉన్నాయి కాబట్టి అన్నిటినీ ఒకేచోట పెట్టేస్తున్నాం. టీ వాళ్లు అలగొద్దు, మీ వంతూ వస్తుంది.

ప్రశ్న: డిసెంబరులో అందరం కలిసి పాడేరు దగ్గరి వంజంగి కొండకి వెళ్లి టెంట్లలో ఉందామనుకుంటున్నాం. మా మామగారికి ఫిల్టర్ కాఫీ పడందే తెల్లవారదు. అక్కడ ప్లగ్ పాయింట్ ఉండదట. ఎలాగండీ? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ముందు ఒక మాట చెప్పండి, మీ ఇంట్లో ఫిల్టరుని ఎప్పుడైనా ప్లగ్గులో పెట్టారా? రెండు స్టీలు గిన్నెలు, పైదానికి అడుగున చిల్లులు, మీదనుంచి వేడినీళ్లు, అంతే కదా. కరెంటు లేనందువల్ల కాఫీ చెడదండీ. కొండ మీద కాఫీ చెడగొట్టేవి వేరే ఉన్నాయి: పాలు, గాలికి రెపరెపలాడే స్టవ్, అన్నిటికన్నా ముఖ్యంగా చలికి నిమిషాల్లో చల్లారిపోయే ఆ స్టీలు ఫిల్టరు. పాల సంగతి, స్టవ్ సంగతి కింద వేరేవాళ్లు అడిగారు, అక్కడ చూడండి. ఇక్కడ ఫిల్టరు గురించి మాట్లాడుకుందాం.

నలుగురికి 40 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల నీళ్లు. కొండ మీద తూకాలు కుదరవు కాబట్టి ఇంట్లోనే తూచి, పూటకొక చిన్న పొట్లం కట్టేసుకోండి. పొడి తన బరువుకి దాదాపు రెట్టింపు నీళ్లు పీల్చుకుంటుంది, కాబట్టి మీకు దిగేది 120 మిల్లీలీటర్ల డికాషన్. తలా 30 మిల్లీలీటర్లు, దానికి మూడింతలు పాలు. ఇంకా చిక్కగా కావాలంటే పొడి పెంచండి కానీ నీళ్లు తగ్గించకండి, తగ్గిస్తే పొడి సరిగ్గా తడవక పైనే పచ్చిగా ఉండిపోతుంది.

అసలు పని ఇప్పుడు. పొడి వేయకముందే ఖాళీ ఫిల్టరులో ఒక గ్లాసుడు మరిగే నీళ్లు పోసి వంపేయండి. స్టీలు వేడెక్కుతుంది. ఈ ఒక్క పని చేయనందుకే చాలామంది చలి ప్రాంతాల్లో "డికాషన్ పలచగా వచ్చింది, పొడి మంచిది కాదు" అని పొడిని తిడుతుంటారు. పొడి వేసి, లోపలి బిళ్లతో కొంచెం అదమండి. గట్టిగా అదిమితే చుక్క కూడా దిగదు, వదులుగా వదిలేస్తే జలజలా కారిపోతుంది. మొదట పొడి తడిసేటన్ని నీళ్లే పోసి అర నిమిషం ఆగితే బుడగలొచ్చి పొంగుతుంది, అప్పుడు మిగతావి పోయండి. మూత పెట్టి, ఫిల్టరు మొత్తానికి తువ్వాలు చుట్టేయండి. మామగారి మంకీ క్యాప్ అడిగి తొడిగినా తప్పులేదు, కాఫీ ఆయనకే కదా.

ఇంట్లో అయితే నీళ్లు మరిగాక కాస్త ఆగి పోయమని చెప్తాం. వెయ్యి మీటర్ల ఎత్తున నీళ్లు దాదాపు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, పైగా గిన్నె దించేలోపే చలికి రెండు మూడు డిగ్రీలు దిగిపోతుంది. అందుకని అక్కడ ఆగొద్దు, మరుగుతున్నవే పోసేయండి.

చికోరీ (కాఫీలో కలిపే, వేయించి పొడిచేసిన ఒక వేరు) గురించి కూడా ఒక మాట. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు, ఎంత ఉందో ప్యాకెట్ మీద రాసి తీరాలి. చికోరీ ఎక్కువైతే పొడి జిగురుకట్టి డికాషన్ మరీ నెమ్మదిగా దిగుతుంది, అది దిగేలోపు అక్కడ చల్లారిపోతుంది. 80 శాతం కాఫీ, 20 శాతం చికోరీ ఉన్న మిశ్రమం తీసుకెళ్లండి. అన్నట్టు, మీరు పాడేరు మీదుగా వెళ్తారు, ఆ దారంతా సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలే, ఆ చెట్లకి మిరియాల తీగలు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. గిరిజన సహకార సంస్థ దుకాణం కనబడితే ఒక ప్యాకెట్ తీసుకోండి. కాఫీ పండే ఊరికి మన ఊరి నుంచి సాషేలు మోసుకెళ్లడం ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ప్రశ్న: పోయినసారి పాల ప్యాకెట్లు తీసుకెళ్తే తెల్లారేసరికి విరిగిపోయాయి. కాచిన పాలు ఫ్లాస్కులో పోసుకెళ్లొచ్చా? (గుంటూరు)

జవాబు: వద్దు. ఫ్లాస్కులో పాలు గంటల తరబడి గోరువెచ్చగా ఉంటాయి, సూక్ష్మజీవులకి కావలసిందీ అదే. తోడు వేసినట్టే లెక్క.

సాయంత్రం వెళ్లి పొద్దున్నే తాగేసే ఒక్క రాత్రి ప్రయాణమైతే ప్యాకెట్‌ని డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, న్యూస్‌పేపర్లలో మందంగా చుట్టి, ఐస్ బాక్సులో పెట్టండి. కరిగాక వెంటనే కాచేయాలి. అంతకంటే ఎక్కువ రోజులైతే టెట్రా ప్యాక్ పాలే మేలు. ఆ పాలని 135 డిగ్రీలకి పైగా కొన్ని సెకన్లు వేడిచేసి, గాలి చొరకుండా నింపుతారు కాబట్టి విప్పేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు. విప్పాక మాత్రం మామూలు పాలే. అందుకని లీటరు ప్యాక్ ఒకటి కాకుండా 200 మిల్లీలీటర్లవి నాలుగైదు కొనుక్కోండి.

పాలపొడి అంటే ముఖం చిట్లించేవాళ్లని చాలామందిని చూశాను, తప్పు పొడిది కాదు, కలిపేవాళ్లది. సలసల మరిగే నీళ్లలో చెంచాతో పొడి వేస్తే ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడిపోవు. 100 మిల్లీలీటర్ల పాలకి 13 గ్రాముల పొడి తీసుకుని, ముందు రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లతో గరిటె జారుగా కలిపి, ఆ తర్వాత మిగతా నీళ్లు పోసి వేడిచేయండి. కొనేటప్పుడు అట్ట వెనక చదవండి, డెయిరీ వైట్‌నర్ అని ఉంటే అందులో చక్కెర ముందే కలిపి ఉంటుంది, అది తెలియక మళ్లీ రెండు చెంచాలు వేసుకుంటే పాయసం తాగినట్టుంటుంది.

ప్రశ్న: కారులో సిగరెట్ లైటర్ సాకెట్ ఉంది కదా, దానికి ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టుకుంటే స్టవ్ టెన్షన్ ఉండదు కదా? (హైదరాబాద్)

జవాబు: లెక్క చూద్దాం. ఇంట్లో కెటిల్ 1500 వాట్లది. 12 వోల్టుల మీద అది నడవాలంటే 125 ఆంపియర్లు లాగాలి. మీ సాకెట్ ఫ్యూజ్ మామూలుగా 10 నుంచి 15 ఆంపియర్లకే ఉంటుంది. ఇన్వర్టర్ పెట్టి నడిపిద్దామన్నా మొదటి క్షణంలోనే ఫ్యూజ్ పోతుంది. 12 వోల్టుల కెటిళ్లు వేరే అమ్ముతారు, అవి 120 వాట్ల దాకా లాగుతాయి, అర లీటరు నీళ్లు మరగడానికి వేడి ఏమాత్రం పోకపోయినా 20 నిమిషాలు దాటుతుంది, నిజానికి అరగంట పైనే. అంతసేపూ ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని, ఆ పొగ పీలుస్తూ కాఫీ కోసం నిలబడటం ఎందుకండీ? చిన్న గ్యాస్ స్టవ్ అయితే ఆ నీళ్లు నాలుగైదు నిమిషాల పని.

ప్రశ్న: లంబసింగిలో రాత్రి బాగానే వెలిగిన గ్యాస్ స్టవ్ తెల్లవారుజామున వెలగలేదు. డబ్బా ఊపితే గ్యాస్ ఉన్నట్టే ఉంది. ఏమై ఉంటుంది? (అనకాపల్లి)

జవాబు: డబ్బా బాగానే ఉంది, చలి వల్ల అలా అయింది. ఆ పొడుగాటి డబ్బాల్లో చాలావాటిలో ఉండేది బ్యూటేన్. అది సున్నాకి అర డిగ్రీ కింద దాకానే ఆవిరవుతుంది. లంబసింగిలో చలి బాగా ముదిరినప్పుడు ఇంచుమించు సున్నా దాకా వెళ్తుంది, అప్పుడు డబ్బాలో ద్రవం అలాగే కూర్చుంటుంది, పైకి గ్యాస్ రాదు. రాత్రి డబ్బాని విప్పి దుప్పట్లో మీ పక్కనే పెట్టుకుని పడుకోండి. పొద్దున్న కూడా మొరాయిస్తే గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కాసేపు నిలబెట్టండి. గోరువెచ్చని అన్నాను, వేడి కాదు. మంట దగ్గర పెట్టి కాచడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బాలు దొరికితే ఈ గొడవే ఉండదు, ఖరీదు కొంచెం ఎక్కువ.

గాలికి అడ్డంగా రాళ్లు పేర్చుకోవచ్చు కానీ డబ్బా చుట్టూ కాకుండా ఒక పక్కనే పేర్చండి. డబ్బా ఉన్న వైపు ఖాళీగా ఉండాలి. వాన పడుతోందనో, చలేస్తోందనో స్టవ్‌ని టెంట్ లోపల వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రమత్తులో ఉన్నవాళ్లకి అసలు తెలియదు.

ప్రశ్న: గ్యాస్ వద్దు, కట్టెల పొయ్యి మీదే పెట్టుకోవాలని పిల్లల సరదా. పొగ వాసన రాకుండా ఎలా? (ఖమ్మం)

జవాబు: నిప్పు వేయడానికి అనుమతి ఉన్న చోటేనా అని ముందు చూసుకోండి, రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం. అనుమతి ఉంటే మూడు రాళ్లు పెట్టి, మంట చచ్చి నిప్పులయ్యేదాకా ఓపిక పట్టండి. మంట మీద పెడితే పొగ, నిప్పుల మీద పెడితే వేడి. గిన్నెకి మూత ఉండాలి. గిన్నె అడుగున బయటివైపు పలచగా బట్టల సబ్బు గానీ తడిమట్టి గానీ పూస్తే మసి దానికే అంటుకుని, తర్వాత తోమితే ఊడి వస్తుంది. మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి ఎక్కించేముందు చేసిన పనే ఇది. పాలు మాత్రం నిప్పుల మీద పెట్టి కబుర్లలో పడకండి, అడుగంటిన పాల వాసన ముందు పొగ వాసనే నయం.

ప్రశ్న: తీరా వెళ్లాక ఫిల్టరు మర్చిపోయామని తెలిస్తే? (రాజమహేంద్రవరం)

జవాబు: మూత ఉన్న గిన్నె చాలు. నీళ్లు మరిగాక దించేయండి, ఇది ముఖ్యం, పొడిని నీళ్లతో కలిపి మరిగిస్తే చేదు దిగుతుంది. దించిన నీళ్లలో పొడి వేసి ఒకసారి కలిపి, మూతపెట్టి నాలుగు నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాత మూత తీస్తే పైన నురగతో పొడి తేలుతూ కనబడుతుంది. చేత్తో చన్నీళ్లు చిలకరించండి, తేలుతున్న పొడి నెమ్మదిగా మునుగుతుంది. గిన్నెని కదపకుండా పైతేట గ్లాసుల్లోకి వంచుకుని, అడుగున రెండు వేళ్ల మందం వదిలేయండి. శుభ్రమైన చేతిరుమాలు ఉంటే దాంట్లో వడకట్టొచ్చు, సబ్బు వాసన లేనిదైతేనే. ఈ పద్ధతికి బరక పొడి బాగుంటుంది, ఫిల్టరు పొడి అయితే అడుగున బురదలా ఉంటుంది కానీ తాగలేనంత కాదు.

ప్రశ్న: హిమాలయాల్లో ట్రెక్‌కి వెళ్తున్నాను. బరువు మోయలేను, మంచి కాఫీ వదులుకోలేను. ఏరోప్రెస్ కొనమంటారా? (వరంగల్)

జవాబు: ఏరోప్రెస్ (పొడిని నీళ్లలో నానబెట్టి చేత్తో నొక్కి కాఫీ దించే గొట్టం) మంచి వస్తువే, ప్లాస్టిక్ కాబట్టి పగలదు, తేలిక కూడా. కానీ 3,500 మీటర్ల ఎత్తున నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి, పొడి నుంచి రుచి లాగడానికి అది కాస్త తక్కువ, పొడి మెత్తగా పట్టించుకుని ఎక్కువసేపు నానబెట్టాలి. వేళ్లు కొంకర్లు పోయే చలిలో అంత ఓపిక ఉంటుందా? నా సలహా అడిగితే ఇన్‌స్టంటే. చిన్నచూపు వద్దు, ప్రపంచంలో ఎన్నో కంపెనీల పేర్లతో అమ్ముడయ్యే ఇన్‌స్టంట్ కాఫీ మన గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారై వెళ్తుంది. ఫ్రీజ్ డ్రైడ్ (గడ్డకట్టించి ఆరబెట్టినది) అని రాసి ఉన్నది తీసుకోండి, వాసన బాగా నిలుస్తుంది. గ్లాసులో కాఫీ, చక్కెర సమానంగా వేసి, నాలుగు చుక్కల నీళ్లతో చెంచా పెట్టి గిలక్కొట్టండి. నల్లటి ముద్ద కాస్తా బిస్కెట్ రంగులోకి తిరిగి ఉబ్బుతుంది, అప్పుడు వేడి పాలు పోయండి. చెయ్యి నొప్పి పుడుతుంది, వేడి కూడా పుడుతుంది.

గ్యాస్ డబ్బా రైల్లో, విమానంలో నిషేధం, అక్కడికెళ్లాకే కొనుక్కోండి. వాగు నీళ్లైతే 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు తెర్లనివ్వాలి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. స్టేట్ పార్కులో కరెంటు హుకప్ లేని టెంట్ సైటే దొరికింది. ఇంట్లో డ్రిప్ మెషీన్‌కి అలవాటుపడ్డాం. పర్కొలేటర్ కొనాలా?

జవాబు: పర్కొలేటర్ నాకు నచ్చదు. దిగిన కాఫీనే మళ్లీ పైకి ఎగదోసి మళ్లీ పొడి మీద పోస్తుంది, మరిగి మరిగి చేదెక్కుతుంది. మీ డ్రిప్ మెషీన్ చేసేదల్లా కాగితం మీది పొడిపై వేడినీళ్లు పోయడమే, ఆ పని ఒక ప్లాస్టిక్ కోను పెట్టుకుని మీ చేత్తోనే చేయొచ్చు. మగ్గుకి 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు. ఇండియన్ స్టోర్‌లో కొన్న చికోరీ పొడి ఆ కాగితంలో వేయకండి, బిగుసుకుపోయి నీళ్లు నిలబడిపోతాయి, అది మన స్టీలు ఫిల్టరుకే. అక్కడ దొరికే పొట్టి ఆకుపచ్చ ప్రొపేన్ సిలిండర్లకి చలి లెక్కలేదు. టెక్సస్‌లో ఎండలు ముదిరితే కౌంటీలు బర్న్ బ్యాన్ పెడతాయి, కట్టెల మంట కుదరదు, గ్యాస్ స్టవ్‌కి అనుమతి ఉందో లేదో పార్కు ఆఫీసులో కనుక్కోండి. ఎప్పుడైనా కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కు వైపు వెళ్తే రాత్రిపూట కాఫీ పొడి, పాలపొడి కూడా ఎలుగుబంట్ల కోసం పెట్టిన ఇనప్పెట్టెలోనే దాచాలి, టెంట్‌లోనో కారులోనో కాదు.

ప్రశ్న: ఫిల్టరు చిల్లులు మూసుకుపోతే అక్కడ ఏం చేయాలి? పిప్పి ఎక్కడ పారేయాలి? (నెల్లూరు)

జవాబు: పై గిన్నెని పట్టకారుతో పట్టుకుని అడుగు భాగాన్ని మంట మీద ఒక నిమిషం కాల్చండి, ఇరుక్కున్న పొడి మాడి రాలిపోతుంది, చల్లారాక గుండుసూదితో పొడిస్తే సరి. పిప్పి, పేపర్ ఫిల్టర్లు ఒక కవర్లో వేసి మీతోపాటే తెచ్చేసుకోండి. వాగులో కడగకండి, నీళ్లు పక్కకి తెచ్చుకుని కడగండి.